నిలబడే ఉద్యోగం

మూడో అంతస్తులో కుర్చీలు లేక కాదు. ఎనిమిది ఉన్నాయి. ఎర్ర రెక్సిన్‌వి, కూర్చుంటే మెత్తగా దిగిపోయేవి. అవి కొనడానికి వచ్చేవాళ్లవి. అమ్మేవాళ్లు పొద్దున తొమ్మిదిన్నరకి పక్కమెట్ల మీదుగా పైకొచ్చింది మొదలు, చివరి కస్టమరు దిగిపోయేదాకా కాళ్ల మీదే ఉండాలి. "కూర్చున్న మనిషిని చూస్తే కొనేవాడికి కూడా బద్ధకం వస్తుంది" అంటాడు పెద్దాయన, కింద గల్లాపెట్టె వెనక కూర్చుని.

ఆ అంతస్తులో పరదా గుడ్డలు, దుప్పట్లు, దిండు గలేబులు అమ్ముతారు. పదకొండేళ్లుగా పరదాల దగ్గరే ఉన్నందుకు ఒకామెను అందరూ పరదాలక్క అంటారు. ఆమె పక్కన పనిచేసే అమ్మాయి పేరు పిట్ట. అసలు పేరు హాజరు పుస్తకంలో ఉంది గానీ, చేరిన వారంలోనే ఇన్‌ఛార్జి "ఏంటమ్మా పిట్టలాగా ఆ కిచకిచలు!" అని విసుక్కున్నాడు. అదే స్థిరపడిపోయింది. సన్నగా ఉండేది. నోరు ఊరుకునేది కాదు. కస్టమరు ఇంకా కుర్చీలో సర్దుకోకముందే "మీ కిటికీ ఎటువైపమ్మా? పొద్దుటి ఎండా, సాయంత్రం ఎండా? ఎదురిల్లు ఎంత దూరం?" అని అడిగేది. వచ్చినవాళ్లు కూడా సంబరంగా చెప్పేవాళ్లు, ఎదురింటి ముసలాయన రోజంతా మా వంటింట్లోకే చూస్తుంటాడని, రైలు వెళ్తే అద్దాలు గలగలమంటాయని. వాళ్లు వెళ్లాక "ఈ ఊళ్లో ఎవరి కిటికీ ఎలాంటిదో నాకు తెలిసినట్టు దొంగలక్కూడా తెలియదక్కా" అని నవ్వేది.

ఆ సోమవారం పొద్దున షాపు తెరిచి పావుగంట కాలేదు. పరదాలక్క ఒక పెద్ద దుప్పటి మడత పెడుతోంది. మధ్య అంచును గడ్డం కింద నొక్కిపట్టి, రెండు చేతులూ చాచి చివరలు కలుపుతోంది. పిట్ట వచ్చి పక్కన నిలబడింది.

"అక్కా, నీతో ఒక్క మాట."

గడ్డం కింద దుప్పటి ఉంది కాబట్టి పరదాలక్క కళ్లతోనే నవ్వింది. నువ్వా, ఒక్క మాటా, అన్నట్టు.

"నాలుగో నెల" అంది పిట్ట.

దుప్పటి జారి కిందపడింది.

ఇద్దరూ ఒకేసారి వంగారు. పరదాలక్క ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. "నువ్వు వంగకు. ఎవరికి చెప్పావ్?"

"ఆయనకి. డాక్టరమ్మకి. ఇప్పుడు నీకు."

"ఇన్‌ఛార్జికి?"

"కింద పిల్లల బట్టల దగ్గర ఆ పొడుగమ్మాయి చెప్పింది కదా! 'ఇంటి దగ్గర రెస్టు తీసుకో తల్లీ' అన్నాడు. ఆ తల్లి మళ్లీ ఎక్కడైనా కనబడిందా?" పిట్ట చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "పోయిన రెండుసార్లూ మూడో నెల దాటలేదక్కా. ఇది దాటింది. నిలబడే పనే వద్దంటోంది డాక్టరమ్మ. కుదరదంటే, కనీసం గంటకోసారి కాళ్లు ఎత్తి పెట్టుకుని పది నిమిషాలు కూర్చోవాలంది. నాకు నవ్వొచ్చింది. ఆవిడకి కోపమొచ్చింది."

పరదాలక్క దుప్పటి తీసి దులిపి మళ్లీ మొదటినుంచి మడత పెట్టింది. మడతపెడుతూనే అంతస్తంతా ఒకసారి కలయజూసింది. పైన మూల మూలకీ కెమెరాలున్నాయి. కానీ స్తంభం వెనక, నమూనా పరదాలు వేలాడదీసిన చోట, అస్తరు గుడ్డ తానులు మోకాలెత్తున పేర్చి ఉన్నాయి. ఆ పరదాల వెనక్కి ఏ కెమెరా చూపూ పోదు. ఎప్పుడో ఒకసారి జ్వరం వచ్చినప్పుడు తనే అక్కడ రెండు నిమిషాలు తల వాల్చింది.

"రా, ఒకటి చూపిస్తాను" అంది.

ఆ రోజు నుంచి గంటకోసారి పరదాలక్క మీటరు బద్దతో బల్ల మీద రెండుసార్లు తట్టేది. పిట్ట నమూనాలు సర్దుతున్నట్టు పరదాల వెనక్కి వెళ్లేది. ఒక తాను మీద కూర్చుని ఇంకో తాను మీద కాళ్లు చాపుకునేది. ఆ పది నిమిషాలూ పరదాలక్క ఇద్దరి పనీ చేసేది. ఇటు ఒకావిడకి నీలం చూపిస్తూ, అటు ఇంకొకావిడకి కొలత చెబుతూ, నిచ్చెన ఎక్కి దిగుతూ. కూర్చున్నంతసేపూ పిట్టకి నోరు మూసుకోవడం కష్టమయ్యేది. పరదా వెనకనుంచి "అక్కా, ఆవిడ ఆకుపచ్చ కొనదు, చూస్తూ ఉండు" అని గొణిగేది. కస్టమరు ఉలిక్కిపడి చుట్టూ చూస్తే పరదాలక్క దగ్గు నటించేది.

"మాట్లాడే పరదాలు అమ్ముతున్నావా ఏంటి?" అన్నాడు ఆ సాయంత్రం ఇంట్లో ఆమె మొగుడు, సంగతంతా విని. ఆయన సిటీ బస్సు నడుపుతాడు. నడుంనొప్పి మనిషి. ఆమె వేడినీళ్ల బకెట్లో కాళ్లు పెట్టుకుని కూర్చుంటే, ఆయన ఎదురుగా నేలమీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. "మనిద్దరినీ చూసి దేవుడు పొరపాటు పడ్డాడే. నాకు కూర్చునే శిక్ష వేశాడు, నీకు నిలబడే శిక్ష వేశాడు. ఒకరోజు మార్చుకుంటే బాగుండు."

"నా చేతికి బస్సిస్తే ఊరు ఖాళీ అయిపోతుంది" అందామె. బకెట్లో కాళ్లు కదుపుతూ, "ఆ పిల్లకి ఈసారి కడుపు నిలబడితే చాలు" అంది.

ఆ మాటకి ఇద్దరూ నవ్వలేదు.

బుధవారం మధ్యాహ్నం ఇన్‌ఛార్జి కబురు పంపాడు. ఆయన గది రెండో అంతస్తులో, అద్దాల గది. గోడకి పెద్ద టీవీ. అందులో తొమ్మిది గళ్లు, గడికో అంతస్తు మూల. పరదాలక్క ఆ గదిలోకి పెద్దగా వెళ్లింది లేదు. తన బల్ల, తన ర్యాకులు పైనుంచి ఎలా ఉంటాయో ఇప్పుడే చూసింది. పిట్ట ఎవరికో పసుపు గుడ్డ పరిచి చూపిస్తోంది. పైనుంచి చూస్తే పాపిడి, రెండు చేతులు, అంతే.

ఇన్‌ఛార్జి చెడ్డవాడేం కాదు. రెండో అంతస్తులో ప్యాంటు గుడ్డలు అమ్మి అమ్మి ఆ గదిలోకి వచ్చినవాడు. ఇప్పటికీ మాట్లాడుతున్నంతసేపూ బల్లమీది కాగితం అంచులు మడతలు పెడుతూ ఉంటాడు.

"ఏమ్మా, మీ సెక్షన్లో మనుషులు మాయమైపోతున్నారే" అన్నాడు.

"ఎవరు సార్?"

"చూడు, ఇప్పుడు ఇద్దరుంటారా, పది నిమిషాలు ఒక్కరే ఉంటారు. మళ్లీ ఇద్దరు." ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "పెద్దాయనతో నీ గురించి మాట్లాడాను. ఇన్నేళ్ల నుంచి ఉన్నావు, ఆ సెక్షనుకి నిన్ను హెడ్డుని చేద్దామని. ఆయన ఊ అన్నాడు. ఇలాంటప్పుడు నాకు మాట రానివ్వకు. ఆ స్తంభం వెనక ఎవరైనా కూర్చుంటున్నారా?"

పిట్ట పేరు చెబితే ఈ సాయంత్రానికే ఆమెను ఇంటికి పంపేస్తారు. ఆ సంగతి పరదాలక్కకి తెలుసు. హెడ్డు అన్న మాట కూడా ఆ క్షణంలోనే చెవిలో పడింది. ఆ రెంటిలో ఏది ముందు పనిచేసిందో తర్వాత ఎన్నిసార్లు తవ్వుకున్నా ఆమెకు తేలలేదు.

"లేదు సార్. ఎవరూ కూర్చోరు" అంది.

"కూర్చోరు కదా?"

"కూర్చోరు సార్. నమూనాలు సర్దుకోడానికి వెళ్తాం."

"అయితే గొడవే లేదు" అన్నాడు ఆయన తేలిగ్గా. "ఆ తానులు అక్కడెందుకు, గోడౌనుకి పంపించేస్తాను. ఆ మూల ఒక నిలువుటద్దం, దీపం పెట్టిద్దాం. సెక్షను వెలిగిపోతుంది."

ఆమె ఏదో అనబోయింది. ఏమనాలి? ఎవరూ కూర్చోని చోట తానులు ఉంటేనేం, పోతేనేం?

గంటలో ఇద్దరు హమాలీలు వచ్చారు. ఒక్కో తానునీ భుజానికెత్తుకుని మెట్లు దిగిపోయారు. నమూనా పరదాలు పక్కకి లాగేశారు. పరదాలక్క బల్ల దగ్గరే ఉండి కత్తెర తుడిచి, అప్పటికే సర్ది ఉన్న కట్టలన్నీ మళ్లీ సర్దింది. పిట్ట ఖాళీ అయిన మూలలోకి వెళ్లి నిలబడింది. నేలమీద తానులున్న మేర దుమ్ము లేకుండా నలుచదరంగా తెల్లగా ఉంది.

"నేను..." అంది పరదాలక్క. "నిన్ను పంపేస్తాడేమోనని, ఎవరూ కూర్చోరని చెప్పాను. వెంటనే ఇలా చేస్తాడనుకోలేదు."

"ఇంకేం చెబుతావక్కా, అదే కదా చెప్పాలి" అంది పిట్ట. అని, ఆ మూలనంతా ఒకసారి చూసి, "పోనీలే, వెలుతురొచ్చింది" అంది.

గురు, శుక్రవారాలు ఎలాగో గడిచాయి. పరదాలక్క నిచ్చెన ముట్టుకోనివ్వలేదు. పైనుంచి ఏది కావాలన్నా తనే ఎక్కింది. పిట్ట ఒకసారి కుడికాలి మీద, ఒకసారి ఎడమకాలి మీద బరువు మార్చుకుంటూ, కుదిరినప్పుడల్లా నడుము బల్ల అంచుకి ఆనించేది. శుక్రవారం మధ్యాహ్నం మెట్ల మీద కూర్చుందామని వెళ్లి రెండు నిమిషాలకే తిరిగొచ్చింది. అక్కడ కెమెరా ఉందట. "నాకేసి చూసి కన్ను కొట్టిందక్కా" అంది. ముఖం మాత్రం పాలిపోయి ఉంది.

"పోయి నేను చెప్పేస్తాను" అంది పరదాలక్క. "అబద్ధం చెప్పానని ఒప్పుకుంటాను. ఏమన్నా నన్నే అంటాడు."

పిట్ట ఆమె మణికట్టు పట్టుకుంది. "నిన్ను తిట్టి ఊరుకుంటాడా? నన్ను పంపేస్తాడు. ఇంకో రెండు నెలలు, అంతే. ఆరో నెల వచ్చాక ఎలాగూ దాచలేం. అప్పుడు ఏడుస్తూ నేనే చెబుతాను. సరేనా?"

సరే అన్నట్టు పరదాలక్క తలూపింది. ఊపకుండా ఉండాల్సింది.

శనివారం జనం విరగబడ్డారు. కొత్తగా కట్టిన పెద్ద అపార్టుమెంట్లలో ఒకేసారి ఇళ్లు అప్పజెప్పారట. మధ్యాహ్నానికి ఎనిమిది కుర్చీలూ నిండి, వెనక ఇంకో వరస నిలబడింది. పిట్ట దగ్గర ఒక కొత్త జంట ఉంది. మంచివాళ్లే. ప్రతి గుడ్డకీ "శ్రమ ఇస్తున్నామా?" అని అడుగుతున్నారు, ఇంకొకటి చూపించమంటున్నారు. బల్ల మీద పాతిక తానులు గుట్ట పడ్డాయి.

పరదాలక్క బల్లకి ఈ చివర గుడ్డ కోస్తోంది. పదకొండు మీటర్ల లేత బూడిదరంగు గుడ్డ, ఖరీదైనది. వంకర పోతే మొత్తం పోతుంది. కత్తెర నోరు తెరిచి, నూలు దారి పట్టుకుని తిన్నగా తోస్తూ పోవాలి, మధ్యలో ఆపితే అంచులో గంటు పడుతుంది. సగానికొచ్చింది. ఎందుకో తలెత్తి చూసింది.

పిట్ట నిచ్చెన మీద ఉంది. నాలుగో మెట్టు మీద. పై అరలోని తానుకోసం చెయ్యి ఎత్తింది. ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. తర్వాత మెల్లగా దించి, రెండు చేతులతో నిచ్చెన పట్టుకుని, నుదురు మెట్టుకి ఆనించింది.

పరదాలక్క చూసింది. ఏమైందో ఆమెకు అప్పుడే తెలిసింది. అయినా కత్తెర ఆగలేదు. ఎదురుగా కస్టమరు వంగి మరీ చూస్తోంది, గుడ్డ సగం తెగి ఉంది. ఇంకో బారెడు, ఇంకో జానెడు. అంచు దాకా కోసి, కత్తెర కింద పెట్టి, పరుగెత్తింది.

నిచ్చెన మీద ఎవరూ లేరు. "ఆవిడకి ఒంట్లో బాలేనట్టుంది, అటు వెళ్లింది" అంది కొత్త జంటలో అమ్మాయి కంగారుగా. బాత్రూము తలుపు లోపల గడియ పెట్టి ఉంది.

"తలుపు తియ్యమ్మా. నేను. అక్కని."

లోపల నీళ్ల చప్పుడు. చాలాసేపటికి పిట్ట గొంతు వినబడింది. అంత చిన్న గొంతు ఆమెకు ఉందని పరదాలక్కకి తెలియదు.

"అక్కా, నా దగ్గర గుడ్డ లేదు" అంది.

మూడు అంతస్తుల నిండా గుడ్డ ఉన్న ఆ షాపులో పరదాలక్క పరుగున వెళ్లి చేతికందిన తానులోంచి రెండు మీటర్లు చింపుకొచ్చింది. కొలవలేదు.

ఇన్‌ఛార్జి తనే కిందకి దిగి టాక్సీ ఆపాడు. తలుపు తీసి పట్టుకున్నాడు. పరదాలక్క కూడా ఎక్కబోతే, "నువ్వు వెళ్తే పైన ఎవరున్నారమ్మా? జనం చూడు! కిందమ్మాయిని పంపిస్తాను" అన్నాడు. పిట్ట సీట్లో పక్కకి ఒరిగి ఉంది, కళ్లు మూసుకుని. పరదాలక్క టాక్సీ తలుపు మీద చెయ్యి వేసి ఒక్క క్షణం నిలబడింది. తర్వాత చెయ్యి తీసేసింది. పైకెళ్లి సాయంత్రం దాకా ఇంకా ఎంతమందికో గుడ్డ కోసింది. ఒక్కటీ వంకర పోలేదు.

ఆదివారం పొద్దున్నే ఆస్పత్రికి వెళ్లింది. ఆడవాళ్ల వార్డు బయట బెంచీమీద పిట్ట మొగుడు కూర్చుని ఉన్నాడు. ఎత్తయిన గోడలకి తాళ్లమీద వేలాడుతూ రంగులు వేసే మనిషి. గోళ్ల సందుల్లో తెల్లరంగు ఇంకా ఉంది. ఆమెను చూసి లేచాడు, కూర్చోమని చోటు చూపించాడు.

"లోపల శుభ్రం చేస్తున్నారు. కాసేపాగి వెళ్లమన్నారు" అన్నాడు. తన అరచేతుల్లోకి చూసుకుంటూ ఉన్నట్టుండి అడిగాడు.

"అక్కా, కూర్చునేదా అసలు? ఇంటికొచ్చాక రోజూ అడిగేవాణ్ణి. 'అక్క చూసుకుంటోంది, గంటకోసారి రాణిలాగా కాళ్లు చాపుకుని కూర్చుంటున్నాను' అనేది. శుక్రవారం కూడా అదే చెప్పింది. నిజమేనా?"

శుక్రవారం కూడా.

నిజం చెబితే ఇతను ఎవరిమీద పడాలి? ఆ పిల్లమీదే కదా. ఎందుకు దాచావని, ఎందుకు వెళ్లావని. ఇంక జీవితమంతా ఆ ప్రశ్న వాళ్లిద్దరి మధ్య పడుకుంటుంది.

"కూర్చునేది నాయనా" అంది.

అతను తలూపాడు. ఊపుతూనే ఉన్నాడు. "అయితే మనం చెయ్యగలిగిందేం లేదు" అన్నాడు. అప్పటిదాకా బిగబట్టుకున్నవాడు ఆ మాట అనేసి, మోచేతి మడతలో ముఖం దాచుకుని ఏడ్చాడు.

తలుపు పక్కనే ఉన్న మంచం చుట్టూ ఆకుపచ్చ తెర లాగి ఉంది. పరదాలక్క దాన్ని తప్పించుకుని లోపలికి వెళ్లింది. పిట్ట గోడవైపు తిరిగి పడుకుని ఉంది. తిరక్కుండానే మాట్లాడింది.

"వినబడింది. ఇది పలచటి గుడ్డ."

పరదాలక్క మంచం అంచున కూర్చుంది. ఆమె వీపు మీద చెయ్యి వేసింది.

"ఆయనకి అలాగే ఉండనివ్వక్కా" అంది పిట్ట. "నేను కూర్చున్నట్టే ఉండనివ్వు."

"నా నోటి వల్లే..."

"వద్దు" అంది పిట్ట. "చూస్తావా అని అడిగారు. నేను చూడనన్నాను. ఆయన చూశాడు. ఎలా ఉందో నాకు చెప్పద్దన్నాను. ఇప్పుడు అడగాలనుంది. ఆయన్ని అడగలేను."

వార్డులో ఎక్కడో పసిపిల్ల ఏడుపు మొదలైంది. పరదాలక్క లేచి, తెరలో వచ్చిన సందు మూసింది. మూస్తే ఏడుపు వినబడకుండా పోతుందా! అయినా మూసింది.

సోమవారం ఇన్‌ఛార్జి అద్దాల గదిలోకి పిలిచాడు. ఎప్పుడూ లేనిది, "కూర్చో" అన్నాడు. ఆమె కూర్చోలేదు. ఆయన బల్లమీదుగా ఒక కాగితం జరిపాడు. టైపు చేసి ఉంది. మూడో అంతస్తులో పనిచేసేవాళ్లకి మధ్యమధ్య కూర్చుని విశ్రాంతి తీసుకునే వీలు ఉందని, పిట్ట తన పరిస్థితి ఎవరికీ చెప్పలేదని, తోటి ఉద్యోగిగా ఇది తనకు తెలుసని. కింద గీత, సంతకానికి.

"రేపు లేబరు ఆఫీసువాళ్లెవరైనా అడిగితే చూపించాలి, అంతేనమ్మా. నాకూ మనసొప్పడం లేదు. కానీ పైనుంచి అడుగుతున్నారు." కాగితం కింది అంచు ఆయన వేళ్ల మధ్య చిన్నగా మడతపడుతోంది. "హెడ్డు పని ఒకటో తారీఖు నుంచి. ఆర్డరు రెడీగా ఉంది."

పరదాలక్క రెండుసార్లు చదివింది. కూర్చోరు అని ఈయనకి చెప్పింది. కూర్చునేది అని పిట్ట మొగుడికి చెప్పింది. ఇప్పుడు ఈ కాగితం మూడోది.

"పెన్ను ఇవ్వండి సార్" అంది.

ఆయన ఊపిరి వదిలి పెన్ను ఇచ్చాడు. ఆమె కాగితాన్ని వెనక్కి తిప్పి, నిలబడే, బల్లమీదకి వంగి, తన పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది.

"మూడో అంతస్తులో మేం కూర్చోవడానికి చోటు లేదు. ఒక్క చోటు ఉండేది. అదీ నేను అబద్ధం చెప్పడం వల్ల పోయింది. ఆ అమ్మాయికి నాలుగో నెల అని నాకు తెలుసు. బుధవారం నుంచి శనివారం వరకు ఆమె కూర్చోలేదు."

సంతకం పెట్టింది. పెన్ను మూత పెట్టి కాగితం పక్కన ఉంచింది. ఇన్‌ఛార్జి చదివాడు. తలెత్తలేదు.

"పైకి వెళ్లమ్మా. కస్టమర్లున్నారు" అన్నాడు.

ఆ సాయంత్రం ఇంట్లో మొగుడికి చెప్పింది. "ఉద్యోగం పోతుందేమో."

ఆయన నేలమీద పడుకునే ఉండి, చెయ్యి చాపి ఆమె పాదం పట్టుకున్నాడు. "పోతే పోయింది. కొన్నాళ్లు కూర్చుందువుగాని" అన్నాడు.

ఉద్యోగం పోలేదు. మంగళవారం గడిచింది, బుధవారం గడిచింది. గురువారం మెట్లమీద ఎదురుపడ్డప్పుడు ఇన్‌ఛార్జే ఆగాడు. "నీ కాగితం అవసరం పడలేదులే" అన్నాడు. "ఆ అమ్మాయే రాసిచ్చింది. ఎవరికీ చెప్పలేదని, షాపు తప్పేం లేదని. ఆస్పత్రిలో ఉండగానే, ఆదివారం సాయంత్రం పెద్దాయన మనిషి వెళ్తే సంతకం పెట్టింది. నాకూ నిన్ననే తెలిసింది. ఉద్యోగం ఉంచమని అడిగింది, అంతే."

పరదాలక్క మెట్ల కమ్మీ పట్టుకుంది. ఆదివారం సాయంత్రం. తాను పెన్ను అడిగేసరికే అక్కడ అంతా అయిపోయింది.

"మరి నాది?"

"పెద్దాయనకి చూపించాను. చింపేస్తాడనుకున్నాను. చింపలేదు. సొరుగులో పెట్టుకున్నాడు." ఇంకో మెట్టు దిగి, వెనక్కి తిరిగి, "హెడ్డు సంగతి మాత్రం ఇక మర్చిపో" అన్నాడు.

శనివారం పొద్దున ఆమె పైకి వచ్చేసరికి బల్ల వెనక ఒక కుర్చీ ఉంది. తెల్ల ప్లాస్టిక్ కుర్చీ. దాని వీపు మీద "సిబ్బంది" అని రాసి ఉంది. అలాంటివి అంతస్తుకి రెండేసి తెప్పించారట. తనిఖీ భయమో, సొరుగులో కాగితమో, పెద్దాయన నోరు విప్పి ఎవరికీ చెప్పలేదు. దుప్పట్ల వైపు అమ్మాయిలు మొదటి రోజు దాని చుట్టూ తిరిగారు గానీ ఎవరూ కూర్చోలేదు. మధ్యాహ్నానికి ఒకామె అంచున ఆనింది. సోమవారానికి వంతులు వేసుకున్నారు. పరదాలక్క మాత్రం కూర్చోలేదు. రోజూ పొద్దున దుమ్ము తుడిచి ఉంచేది.

తర్వాతి బుధవారం పిట్ట వచ్చింది.

పక్కమెట్లు ఎక్కి, సంచీ కొక్కేనికి తగిలించి, జుట్టు ముడి బిగించుకుని వచ్చి తన చోట నిలబడింది. ఇంకా సన్నబడింది. నిలువుటద్దం ముందునుంచి వస్తూ అటు చూడలేదు. దుప్పట్ల అమ్మాయిలు చుట్టూ మూగి, "బాగున్నావా?" అన్నారు. బాగున్నానంది. వాళ్లు ఒక్కొక్కరే తప్పుకున్నారు.

పరదాలక్క తెల్ల కుర్చీని రెండు చేతులతో ఎత్తి తెచ్చింది. స్తంభం వెనక్కి కాదు, బల్ల పక్కకి, సరిగ్గా కెమెరా కిందకి. కాళ్లు కదలకుండా ఉన్నాయో లేదో ఒకసారి నొక్కి చూసింది. అరచేత్తో సీటు తుడిచింది.

"కూర్చోమ్మా" అంది. "ఇప్పుడు ఎవరూ ఏమనరు. మనకే ఇచ్చారు. కూర్చో."

పిట్ట కుర్చీకేసి చూసింది. దాని వీపు మీది అక్షరాలు చదివింది. ఆమె ముఖంలో కోపం లేదు. ఉంటే పరదాలక్క భరించేదే. అర్థం కాని వస్తువును చూసినట్టు కాసేపు చూసి, తలెత్తింది.

"ఇప్పుడెందుకక్కా?" అంది.

నిజంగానే అడిగింది. తర్వాత నిచ్చెన దగ్గరికి వెళ్లి, నిన్న ఎవరో తప్పు అరలో పెట్టిన తానులు తీసి, రంగుల వరసలో సర్దడం మొదలుపెట్టింది. నాలుగు మెట్లు ఎక్కింది. దిగింది. మళ్లీ ఎక్కింది. ఇదివరకైతే ఒక్కో రంగుకీ ఒక్కో వేళాకోళం ఉండేది.

పరదాలక్క కుర్చీ వీపు పట్టుకుని అలాగే ఉండిపోయింది. కస్టమర్లు రావడం మొదలైంది. ఎర్ర కుర్చీలు నిండాయి. ఒక పెద్దావిడ మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చి, చోటు కోసం అటూ ఇటూ చూసి, ఈ తెల్ల కుర్చీ దగ్గర ఆగింది.

"ఇది ఖాళీయేనా అమ్మా?" అని అడిగింది.

పరదాలక్క చేతులు తీసింది.

"ఖాళీయేనమ్మా" అంది. "కూర్చోండి."